ఎక్స్‌పోర్ట్ చేశాక ఆడియో పాడైందంటే తప్పు ఎక్కడున్నట్టు?

క్లుప్తంగా

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చక్కగా వినిపించిన ఆడియో ఎక్స్‌పోర్ట్ అయ్యాక తెరుచుకోకపోవచ్చు, మధ్యలో ఆగిపోవచ్చు, గరగరలాడవచ్చు. ఈ మూడింటినీ 'ఫైల్ కరప్ట్ అయింది' అనే ఒక్క మాటతో చెప్పేస్తుంటారు. కానీ వీటి కారణాలు వేరు, మందులూ వేరు. ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి, లోపం మళ్లీ అదే చోట వస్తోందా, చోటు మారుతోందా అని చూస్తే సగం సంగతి తేలిపోతుంది. అదే చోట వస్తే ముందు ప్రాజెక్టును (ఎడిటింగ్ జరిగిన అసలు ఫైల్‌ను) వెతకాలి. చోటు మారితే కంప్యూటర్‌నో, డిస్క్‌నో, ఏదైనా ప్లగిన్‌నో (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్‌నో) అనుమానించాలి. ఇది తేలేదాకా ప్రాజెక్టును డిలీట్ చేయకూడదు.

ఎక్స్‌పోర్ట్ బటన్ వెనక

రెండు గంటల ప్రవచనం. దగ్గులూ ఖాళీలూ తీసేశారు, పక్కనున్న ఫ్యాన్ హోరు తగ్గించారు, ఎక్స్‌పోర్ట్ నొక్కారు. ఫైల్ వచ్చింది. ఫోన్‌లో పెట్టి వింటే 47వ నిమిషంలో టప్‌మని ఒక శబ్దం, ఆ వెంటనే రెండు సెకన్లు గరగర. వెనక్కి వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో అదే చోట వింటే ఏ లోపమూ లేదు. టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. 'ఇక్కడ బాగుంది, అక్కడ ఎందుకు బాగాలేదు?'

సాఫ్ట్‌వేర్‌లో ప్లే నొక్కినప్పుడు వినిపించేదీ, ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేదీ ఒకటే అనుకోవడంతో చిక్కు వస్తుంది. ప్లే చేసినప్పుడు ట్రాకులన్నీ అప్పటికప్పుడు కలిసి సౌండ్ కార్డుకు వెళ్తాయి. ఫైలేదీ తయారు కాదు. ఎక్స్‌పోర్ట్‌లో అదే పని గడియారంతో పోటీ లేకుండా, ప్రాసెసర్ ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగంగా జరుగుతుంది. ట్రాకులు కలుస్తాయి, ఎఫెక్టులు పడతాయి, అవసరమైతే శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి అంకెలుగా రాస్తారనేది) మారుతుంది. ఆ తర్వాత అంకెలు 32 బిట్ల నుంచి 16కో 24కో కుదించుకుంటాయి, ఎంపీ3 లాంటిదైతే ఎన్‌కోడర్ వాటిని నలిపి చిన్నవి చేస్తుంది. చివరికి ఫైల్ ముందు భాగంలో, ఫైల్ వివరాలుండే హెడర్ సరిదిద్దుకుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అంతటినీ డిస్క్ మీద రాస్తుంది. ఈ దశల్లో ఎక్కడైనా తప్పు దొర్లవచ్చు.

తరచూ వినిపించే ఒక సలహా ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చిందే. ఎక్స్‌పోర్ట్‌లో చిటపటలు వస్తే 'బఫర్ సైజు పెంచి చూడండి' అంటారు. బఫర్ అనేది ప్లే చేసేటప్పుడూ, రికార్డు చేసేటప్పుడూ సౌండ్ కార్డుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చే అమరిక. ఎక్స్‌పోర్ట్‌లో సౌండ్ కార్డుకు పనే లేదు కాబట్టి అక్కడ దాన్ని పెంచి లాభం లేదు. రికార్డింగ్ అప్పుడే బఫర్ చాలక చిటపట పడి ఉంటే అది అప్పటికే ట్రాకులో అతుక్కుపోయి ఉంటుంది. తర్వాత ఎన్ని అమరికలు మార్చినా పోదు.

మొదటి ప్రశ్న: అదే చోటా, వేరే చోటా?

లోపం కనిపించగానే పాత ఫైల్ మీదే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం చాలామంది చేసే పని. దాంతో ఆధారం చెరిగిపోతుంది. పాతదాన్ని అలాగే ఉంచి, వేరే పేరుతో వేవ్ ఫార్మాట్‌లో రెండోది తీయాలి. తర్వాత రెండింటినీ ఒకే ప్లేయర్‌లో అదే 47వ నిమిషం దగ్గర వినాలి.

రెండింట్లోనూ కచ్చితంగా అక్కడే టప్‌మంటే, కారణం ఆ చోటున్న సరుకులోనే ఉంది. క్లిప్పుల అతుకు సరిగా పడకపోయి ఉండవచ్చు. తరంగం సున్నా దగ్గర కాకుండా మధ్యలో తెగితే వచ్చేది సరిగ్గా ఈ టప్ శబ్దమే. హెడ్‌ఫోన్‌లో ముందు వినపడనిది ఫోన్ స్పీకర్‌లో వినపడుతుంది, లేదా దీనికి తిరగబడీ జరుగుతుంది. అతుకుకు రెండు పక్కలా 5, 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే సాధారణంగా పోతుంది.

రెండోసారి లోపం వేరే చోట వచ్చినా, అసలు రాకపోయినా ప్రాజెక్టుతో పేచీ లేదు. అప్పుడు ఎఫెక్టులన్నీ ఆపేసి మూడోసారి తీయాలి. ఈసారి శుభ్రంగా వస్తే ప్లగిన్‌ను అనుమానించాలి. కొన్ని ప్లగిన్లు, ముఖ్యంగా డిస్క్ నుంచి పెద్ద పెద్ద వాద్య శబ్దాలను లాక్కొచ్చే వర్చువల్ వాద్యాలు, ఎక్స్‌పోర్ట్ వేగాన్ని అందుకోలేక తడబడతాయి. రీపర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అందుకే మామూలు ప్లే వేగంతోనే రెండర్ చేసే (ట్రాకులు కలిపి ఒకటిగా తయారుచేసే) ఎంపిక కూడా పెట్టారు. నెమ్మదైనా పని జరుగుతుంది. ఎఫెక్టులు ఆపినా లోపం చోట్లు మారుతూనే ఉంటే, అప్పుడు డిస్క్, ర్యామ్ పరీక్షించాల్సిందే. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పినా ఆడియోలో అది సన్నని చిటుకులా వినిపించగలదు.

వేవ్ ఫైల్‌కు తలకాయ 44 బైట్లు

వేవ్ ఫార్మాట్‌ను మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి 1991లో తెచ్చాయి. అది పనిచేసే తీరు చాలా సరళం. ముందు ఒక చిన్న హెడర్, దాని వెనక ఆడియో అంకెలు వరసగా. సాదా వేవ్‌లో ఆ హెడర్ 44 బైట్లు. హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఫైల్‌లోని బైట్లను అంకెలుగా చూపే సాధనంలో, ఫైల్ తెరిస్తే మొదట 52 49 46 46 (RIFF అనే అక్షరాలు) అని కనిపిస్తుంది. తర్వాత నాలుగు బైట్లలో ఫైల్ మొత్తం పొడవు, ఆపైన 57 41 56 45 (WAVE). మరికాస్త కిందికి వెళ్తే 64 61 74 61 (data) వస్తుంది. దాని వెంటనే ఉన్న నాలుగు బైట్లలో అసలు ఆడియో ఎన్ని బైట్లుందో రాసి ఉంటుంది.

ఆ చివరి నాలుగు బైట్లే కీలకం. ఆడియో ఎంత వస్తుందో ముందుగా తెలియనప్పుడు సాఫ్ట్‌వేర్ అక్కడ 00 00 00 00 పెట్టి, పనంతా అయ్యాక వెనక్కి వచ్చి అసలు అంకె రాస్తుంది. ఈలోగా కరెంటు పోయినా, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయినా సున్నాలు సున్నాలుగానే మిగులుతాయి. డిస్క్ మీద 600 ఎంబీ ఆడియో ఉన్నా ప్లేయర్ మాత్రం హెడర్ చూసి 'ఇందులో ఏమీ లేదు' అంటుంది. ఇక్కడ పోయింది హెడర్ ఒక్కటే. లోపలి శబ్దానికి ఏమీ కాలేదు.

అందుకే ఇలాంటి ఫైల్ చాలావరకు తిరిగి వస్తుంది. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ మెనూలో రా డేటా అనే ఎంపిక ఉంది. అది హెడర్‌ను నమ్మకుండా అంకెలను నేరుగా ఆడియోగా చదువుతుంది. 16 బిట్లు, లిటిల్ ఎండియన్ (అంకెలోని చిన్న విలువ బైటు ముందు వచ్చే వరస), స్టీరియో, 44,100 శాంపిల్ రేటు, మొదట 44 బైట్లు వదిలేయమని చెబితే మామూలు వేవ్ అయితే అక్కడే వినపడుతుంది. వీటిలో ఏది తప్పినా ఎలా తెలుస్తుందో గమనించాలి. స్టీరియో బదులు మోనో అని చెబితే మాట సాగి సగం వేగంతో వస్తుంది. 24 బిట్ల ఫైల్‌ను 16 అని చెబితే జలపాతం హోరులాంటి రొద వస్తుంది. హోరు వచ్చిందని ఫైల్ పోయిందనుకోనక్కర్లేదు. చదివే కొలత మార్చి మళ్లీ ప్రయత్నించాలి.

ఆ నాలుగు బైట్లకు ఇంకో పరిమితి ఉంది. నాలుగు బైట్లలో పట్టే అతి పెద్ద అంకె దాదాపు 429 కోట్లు, అంటే 4 జీబీ. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో సెకనుకు 1,76,400 బైట్లు తింటుంది కాబట్టి సుమారు 6 గంటల 45 నిమిషాలకు ఆ హద్దు వచ్చేస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ అంకెల రూపం) అయితే 3 గంటల 6 నిమిషాలకే. హద్దు దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 7 గంటల అఖండ భజన రికార్డింగ్‌ను హద్దు పట్టించుకోని సాఫ్ట్‌వేర్ వేవ్‌గా రాస్తే, హెడర్‌లో మిగిలేది సుమారు 15 కోట్ల బైట్లు. ప్లేయర్ దాన్ని 14 నిమిషాల ఫైల్‌గా చూపిస్తుంది. ఆడాసిటీ ఈ పరిస్థితిలో 4 జీబీ దాటే వేవ్ చేయలేనని చెప్పి ఆగిపోతుంది. అది సరైన పద్ధతే. ఇంత పెద్ద రికార్డింగులకు ఫ్లాక్ (శబ్దంలో ఏదీ పోకుండా కుదించే ఫార్మాట్) వాడటమో, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ తెచ్చిన ఆర్ఎఫ్64 (4 జీబీ దాటగల వేవ్ రకం) వాడటమో, గంట గంటకు ముక్కలు చేయడమో మార్గం.

ఒక్కో ఫార్మాట్ ఒక్కో రకంగా విరుగుతుంది

ఎంపీ3 తీరు పూర్తిగా వేరు. అందులో ఆడియో 1,152 శాంపిళ్ల చొప్పున ఫ్రేములుగా ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేము 26 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేముకూ తన చిన్న హెడర్ తనకుంటుంది. గొలుసులో ఒక లింకు తెగినా మిగతాది చేతిలో ఉన్నట్టు, మధ్యలో కొన్ని బైట్లు చెడినా ప్లేయర్ ఒక్క చిటుకుతో దాటేసి తర్వాతి ఫ్రేము పట్టుకుంటుంది. సగంలో ఆగిన ఎక్స్‌పోర్ట్ కూడా ఆ సగం దాకా వినిపిస్తుంది. ఈ ఓర్పు వల్ల ఒక ప్రమాదమూ ఉంది. ఫైల్ తెరుచుకుంది, మొదటి నిమిషం బాగుంది, పంపేశారు. చివరి 18 నిమిషాలు లేవని విన్నవాళ్లు చెబితే గానీ తెలియదు.

సైజుతో దీన్ని క్షణంలో పట్టుకోవచ్చు. 128 కేబీపీఎస్ స్థిర రేటు ఎంపీ3 సెకనుకు 16,000 బైట్లు, గంటకు 57.6 ఎంబీ. గంట ప్రసంగం 41 ఎంబీకే ఆగిపోతే సుమారు 43 నిమిషాలే వచ్చిందన్నమాట. మారే బిట్ రేటుకు ఈ లెక్క పనిచేయదు. ఆ రకంలో మొదటి ఫ్రేములో ఉండాల్సిన సమాచారం లేకపోతే కొన్ని ప్లేయర్లు మొత్తం సమయాన్నే తప్పు చూపిస్తాయి. వినిపించే శబ్దంలో లోపం లేకుండా, సమయం అంకె మాత్రమే తప్పుంటే అది ఈ కోవకు చెందుతుంది.

ఎం4ఏలో ఆడియో ఒక పెట్టెలో, దాన్ని ఎలా చదవాలో చెప్పే సూచిక ఇంకో పెట్టెలో ఉంటాయి. ఆ సూచికను చాలా సాఫ్ట్‌వేర్లు చివర్లో రాస్తాయి. అది రాయకముందే పని ఆగితే, 99 శాతం ఆడియో డిస్క్ మీద ఉన్నా ఫైల్ తెరుచుకోదు. మధ్యలో ఆగిన ఎంపీ3 వినిపించి, మధ్యలో ఆగిన ఎం4ఏ మొండికేయడానికి కారణం ఇదే. ఎం4ఏను ఎంపీ3 అని పేరు మార్చినంత మాత్రాన లోపలిది మారదు. కొన్ని ప్లేయర్లు పేరు పట్టించుకోక పాడేస్తాయి, కార్ స్టీరియో లాంటివి ఒప్పుకోవు.

భద్రపరచడానికి ఫ్లాక్ నమ్మదగ్గది. అసలు ఆడియో తాలూకు ఎండీ5 అనే తనిఖీ అంకెను మామూలుగా అది తన హెడర్‌లోనే దాచుకుంటుంది, ప్రతి ఫ్రేముకూ విడిగా తనిఖీ అంకె ఉంటుంది. పరీక్షించే సాధనంతో నడిపితే ఎక్కడ చెడిందో అదే చెబుతుంది. వేవ్‌కు ఈ సౌకర్యం లేదు. అందులో ఒక అంకె మారినా ఫైల్ తనంతట తాను చెప్పలేదు.

ఫైల్ నిక్షేపం, శబ్దం మాత్రం పాడు

తెరుచుకుంటుంది, చివరిదాకా నడుస్తుంది, కానీ వినబుద్ధి కాదు. ఈ గుంపులో నిజమైన కరప్షన్ అరుదు. అందరూ కరప్షన్ అనే అంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

మొదటిది బొంగురు. ఆడాసిటీ మామూలుగా 32 బిట్ల ఫ్లోట్‌లో పనిచేస్తుంది. అందులో శబ్దం 0 డీబీ (16 బిట్ల ఫైల్‌లో పట్టే గరిష్ఠ స్థాయి) దాటినా అంకెలు పోవు, లోపల భద్రంగానే ఉంటాయి. 16 బిట్లకు దిగినప్పుడు మాత్రం పైనున్నదంతా కత్తిరించినట్టు తెగిపోతుంది. రెండు గొంతులూ నేపథ్య సంగీతమూ విడివిడిగా హద్దులోనే ఉన్నా, కలిశాక దాటవచ్చు. ఎంపీ3గా మారేటప్పుడు శిఖరాలు మరికాస్త పైకి లేస్తాయి కూడా. అందుకే శిఖరాన్ని మైనస్ 1 డీబీ దగ్గర ఆపమంటారు. ప్రసంగానికి మైనస్ 2, 3 దగ్గర ఉంచినా నష్టం లేదు.

రెండోది వేగం. 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన ఆడియోకు 48 అని తప్పు చీటీ పడితే అది సుమారు 9 శాతం వేగంగా నడుస్తుంది, శ్రుతి ఒకటిన్నర అరస్వరం దాకా పెరుగుతుంది. పెద్దాయన గొంతు కుర్రాడి గొంతులా ఉందంటే ముందు శాంపిల్ రేటు చూడాలి. ట్రాక్ రేటును అసలుదానికి మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు.

మూడోది ఎక్కువమందిని తికమక పెట్టేది. సభలో మిక్సర్ నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ అవుట్‌ను రికార్డర్ స్టీరియో ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో ఒకే శబ్దం రెండు తీగల్లో ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి ప్రయాణిస్తుంది. రికార్డర్ వాటిని ఎడమ, కుడి అనుకుని రాసుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు తల మధ్యలో కాకుండా ఎక్కడో దూరంగా, డొల్లగా ఉంటుంది కానీ వినిపిస్తుంది. ఒకే స్పీకరున్న ఫోన్‌లోనో చిన్న బ్లూటూత్ స్పీకర్‌లోనో పెడితే రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాట మాయమవుతుంది, రెండు పక్కలా సరిసమానం కాని కాస్త రొద మాత్రమే మిగులుతుంది. ఎక్స్‌పోర్ట్‌ను ఎన్నిసార్లు చేసినా ఇంతే. స్టీరియో ట్రాకును రెండుగా విడగొట్టి ఒకదాన్ని తీసేసి, మిగిలినదాన్ని మోనోగా ఎక్స్‌పోర్ట్ చేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే పని ఇది.

ప్రాజెక్టులోనే చిల్లు పడితే

ఎక్స్‌పోర్ట్‌లో అయిదారు సెకన్ల పూర్తి నిశ్శబ్దాలు అక్కడక్కడా వస్తే, అదీ పాత ఆడాసిటీ ప్రాజెక్టు అయితే, కారణం దాదాపు తెలిసినట్టే. 3.0 వెర్షన్ ముందు వరకు ప్రాజెక్ట్ ఫైల్‌లో ఆడియో ఉండేది కాదు. పక్కనున్న డేటా ఫోల్డర్‌లో వందలకొద్దీ చిన్న ముక్కలుగా ఉండేది. ఒక్కో ముక్క గరిష్ఠంగా 1 ఎంబీ, అంటే 32 బిట్ల మోనోలో సుమారు 6 సెకన్లు. ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లినవాళ్లకు ఆడియో మొత్తం నిశ్శబ్దమయ్యేది. ఫోల్డర్‌లో ఒకటో రెండో ముక్కలు పోతే మధ్యలో చిల్లులు పడేవి.

2021 మార్చిలో వచ్చిన 3.0తో ఇదంతా ఒకే ఫైల్ అయింది. లోపల అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. పాత ప్రమాదం పోయింది, కొత్త జాగ్రత్త ఒకటి వచ్చింది. ప్రాజెక్ట్ తెరిచి ఉండగా తాజా మార్పులు పక్కన ఇంకో తాత్కాలిక ఫైల్‌లో ఉండవచ్చు. అప్పుడు ప్రధాన ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే ఆ మార్పులు రాకపోవచ్చు. తెరిచి ఉన్న ప్రాజెక్టును క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో ఉంచడం కూడా ఇందుకే మంచిది కాదు. ఆడాసిటీ మూసేశాకే కాపీ చేయాలి.

చేతులు మారేటప్పుడు

ఎక్స్‌పోర్ట్ బాగానే జరిగి, కాపీలో పాడయ్యే సందర్భాలూ తక్కువేం కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే చివరి భాగం ఇంకా మెమొరీలోనే ఉండిపోవచ్చు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. విండోస్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే భద్రతా అమరిక ఆన్ చేసి ఉంటే, గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనివ్వదు. అందుకే ముందు కంప్యూటర్ సొంత డిస్క్‌లోకి తీసి, విని, ఆ తర్వాత బయటికి కాపీ చేయడం మేలు. రెండు కాపీల హ్యాష్ అంకెలు (ఫైల్‌లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే తనిఖీ అంకెలు) పోల్చితే తేడా ఉందో లేదో అక్షరాలా తెలుస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది ఒకటుంది. పాత కార్ స్టీరియోలో పాట పేరు బదులు ప్రశ్నార్థకాలో, పిచ్చి గీతలో కనిపిస్తాయి. పాత రకం ఎంపీ3 ట్యాగులో (పాట వివరాలు రాసుకునే చోటులో) పేరుకు కేటాయించింది 30 బైట్లు, అదీ ఇంగ్లిష్ లాంటి లిపుల కోసం. యూటీఎఫ్-8 అనే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి మూడేసి బైట్లు పడుతుంది. అంటే గుణింతాలూ ఒత్తులూ కలుపుకుని పది సంకేతాలకే చోటు నిండిపోతుంది. పేరు ఎలా కనిపించినా లోపలి ఆడియోకు ఏమీ కాలేదు.

విని కాదు, తీసివేసి చూడటం

రెండు గంటల ఫైల్‌ను మొత్తం కూర్చుని వినే ఓపిక అందరికీ ఉండదు. దీనికి స్టూడియోల్లో వాడే నల్ టెస్ట్ అనే పద్ధతి ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన వేవ్‌ను అదే ప్రాజెక్టులోకి కొత్త ట్రాకుగా తెచ్చి, మొదలు కలిపి, ఆ ఒక్క ట్రాకుకు ఇన్వర్ట్ ఎఫెక్ట్ ఇస్తారు. దాంతో తరంగం తలకిందులవుతుంది. ఇప్పుడు అన్నీ కలిపి ఒకే ట్రాకుగా రెండర్ చేస్తే అసలూ నకలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సరిగ్గా వచ్చిన ఎక్స్‌పోర్ట్ అయితే మిగిలేది దాదాపు సరళరేఖే. 16 బిట్లకు దించినప్పుడు కావాలనే కలిపే, డిథర్ అనే చెవికి ఆనని రొద మాత్రం ఉంటుంది. ఎక్కడ ఫైల్ చెడిందో అక్కడ మాత్రం గీత మీద ఒక ముల్లు నిలబడుతుంది. వినకుండానే 47వ నిమిషం కంటికి కనిపిస్తుంది.

ఎంపీ3కి ఇంత శుభ్రంగా కుదరదు. ఎన్‌కోడర్, దాన్ని తిరిగి విప్పే డికోడర్ కలిసి మొదట్లో కొంత ఖాళీ చేరుస్తాయి. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌తో అది 1,105 శాంపిళ్లు, అంటే 25 మిల్లీసెకన్లు. చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని సర్దకపోతే ట్రాకును ఆ మేరకు జరపాలి. జరిపినా ఎన్‌కోడర్ వదిలేసిన శబ్దాలు పలచగా, గుసగుసలా మిగులుతాయి. పాడైన చోటు ఆ గుసగుస మధ్య కూడా విడిగా తెలుస్తుంది. దాని పొడవు కొలిచి చూడటం మంచిది. ఒకటో రెండో ఫ్రేములకు సరిపోతే, అంటే 26 లేదా 52 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే, పాడైంది బహుశా ఫైల్‌లోని ఫ్రేమే. ప్రాజెక్టును ముట్టుకోనక్కర్లేదు, ఇంకోసారి ఎంపీ3 తీస్తే సరిపోతుంది.